టమ్మీ టక్ తర్వాత పొట్ట బెల్ట్: ఏది కొనాలి, ఎంత బిగించాలి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి టమ్మీ టక్ (పొట్ట మీది మిగులు చర్మం తీసి, కండరాలు బిగించే ఆపరేషన్) కోసం హైదరాబాద్ వెళ్లేవాళ్లు సర్జన్‌ను ఎంచుకోవడానికి నెలలు తీసుకుంటారు. బెల్ట్‌ను మాత్రం డిశ్చార్జి రోజున హడావుడిగా ఏదో ఒక షాపులో కొనేస్తారు. ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది, బెల్ట్ నాలుగు నుంచి ఆరు వారాలు రాత్రీపగలూ ఒంటి మీదే ఉంటుంది. మన దగ్గర షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే రకాల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది అసలు ముట్టుకోకూడదో ఈ రివ్యూలో చెబుతున్నాం.

ముందు బెల్ట్ పని ఏమిటో తెలియాలి. ఈ ఆపరేషన్‌లో పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోసి, చర్మాన్నీ కొవ్వునూ కండరం మీద నుంచి పక్కటెముకల దాకా లేపుతారు. కాన్పులతో దూరంగా జరిగిన నిలువు కండరాలను మధ్యకు లాగి కుడతారు. మిగులు చర్మాన్ని కత్తిరించి, బొడ్డుకు కొత్త చోటు చేస్తారు. లేపిన పొరకూ కండరానికీ మధ్య మిగిలిన ఖాళీలో నీరు చేరుతుంది. దాన్నే సెరోమా అంటారు, ఈ ఆపరేషన్ తర్వాత తరచుగా వచ్చే ఇబ్బంది అదే. బెల్ట్ ఆ రెండు పొరలనూ ఆనించి ఉంచుతుంది, వాపును అదుపులో పెడుతుంది, దగ్గినప్పుడు, లేచినప్పుడు లోపలి కుట్లకు ఆసరా ఇస్తుంది. అంతవరకే. సెరోమా రానే రాదని ఏ బెల్టూ హామీ ఇవ్వదు. నడుమును సన్నం చేసే పని సర్జన్ చేశారు, బెల్ట్‌తో మళ్లీ చేయించాలని చూడకండి.

షాపులో "నడుము బెల్ట్" అని అడిగితే నడుం నొప్పికి వాడే ఎల్.ఎస్. బెల్ట్ ఇస్తారు. దానికి గట్టి పట్టీలు వీపు వైపు ఉంటాయి, ముందు భాగం వెడల్పు తక్కువ, పైగా బిగించేందుకు పక్కన రెండో పట్టీ ఉంటుంది. కొత్త కుట్ల మీద అది వద్దు. "ఆపరేషన్ తర్వాత పొట్టకు కట్టేది, అబ్డామినల్ బైండర్" అని అడగండి.

మొదటి మూడు వారాలకు మా ఓటు మూడు పట్టీల ఎలాస్టిక్ బైండర్‌కే. నల్లగొండ క్లాక్ టవర్ పరిసరాల్లో, మహబూబ్‌నగర్ న్యూటౌన్ ఆసుపత్రుల దగ్గర మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికేది ఇదే. మూడేసి అంగుళాల ఎలాస్టిక్ పట్టీలు మూడు కలిపి కుట్టి, ముందు వెల్‌క్రో పెడతారు. టైనార్, విస్కో, ఫ్లెమింగో లాంటి కంపెనీలు చేస్తాయి. కంపెనీని, సైజును బట్టి దాదాపు 400 నుంచి 1,000 రూపాయల మధ్య ఉంటుంది. పడుకునే విప్పుకోవచ్చు, వాపు పెరిగినా తగ్గినా ఆ రోజుకు తగ్గట్టు సర్దుకోవచ్చు, లోపలి నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం చూసుకోవడం సులువు. ఈ మూడు సౌకర్యాలూ ఖరీదైన వాటిలో కలిసి రావు.

సైజు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎం అవుతుంది, అక్షరం వదిలేసి డబ్బా మీద రాసిన అంగుళాలు చూడండి. టేపు బొడ్డు దగ్గర ఒకసారి, తుంటి దగ్గర ఒకసారి పెట్టి, పెద్ద కొలత తీసుకోండి. ఆపరేషన్ తర్వాత నడుము తగ్గినా మొదటి వారం వాపు ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతతోనే మొదటిది కొనాలి. వెల్‌క్రో కనీసం మూడు నాలుగు అంగుళాలు ఒకదానిపై ఒకటి పడాలి. రెండు మూడు వారాల తర్వాత ఎంత లాగినా వదులుగానే ఉంటే ఒక సైజు తక్కువది తెచ్చుకోండి.

షాపాయన అడగని కొలత ఇంకొకటి ఉంది. కుర్చీలో కూర్చుని, చివరి పక్కటెముక నుంచి తొడ మడత దాకా కొలవండి. తొమ్మిది అంగుళాలే ఉన్నవాళ్లకు 12 అంగుళాల నాలుగు పట్టీల బెల్ట్ ఇస్తే, కూర్చున్న ప్రతిసారీ పై అంచు రొమ్ము కింద ఒరుసుకుంటుంది, కింది అంచు తొడ మడతలో మడిచిపోతుంది. ఈ మడత చిన్న విషయం కాదు. ఎలాస్టిక్ అంచు చుట్టుకుపోయి తాడులా తయారై, సరిగ్గా కుట్టు మీదనో దానికి కాస్త ఎగువనో ఒత్తుతుంది. లేపిన చర్మానికి రక్తం పక్కల నుంచే వస్తుంది. బొడ్డు కింద నుంచి కుట్టు దాకా ఉండే మధ్య భాగం ఆ రక్తానికి అన్నిటికన్నా దూరం. అక్కడ తాడులాంటి ఒత్తిడి గంటలకొద్దీ ఉంటే చర్మం నీలంగా మారి, తర్వాత నల్లబడి చచ్చిపోతుంది. బీడీ, సిగరెట్, నోట్లో పెట్టుకునే పొగాకు మానని వాళ్లకు ఈ ముప్పు చాలా ఎక్కువ, అందుకే కనీసం నాలుగు వారాల ముందు నుంచీ, తర్వాత నాలుగు వారాలూ పూర్తిగా మానమంటారు. పక్కల రెండు వైపులా మెత్తటి ప్లాస్టిక్ పుల్లలు కుట్టిన బెల్ట్ అయితే అంచు చుట్టుకోదు. పుల్లలు ముందు వైపు ఉన్నది మాత్రం తీసుకోవద్దు.

బిగింపు గురించి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి కట్టుకోవాలి. కుట్టు మీద శుభ్రమైన గాజ్ (గాయానికి వేసే పలుచని గుడ్డ), దాని మీద అతుకులు పైకి తేలని పలుచని కాటన్ బనియన్, ఆ పైన బెల్ట్. బనియన్‌లో ఒక్క ముడత ఉన్నా చర్మం మీద అచ్చు పడుతుంది, చేత్తో నిమిరి సాపు చేయండి. కట్టాక పై అంచులోనూ, కింది అంచులోనూ రెండు వేళ్లు చదునుగా, బలవంతం లేకుండా దూరాలి. గుండెల నిండా గాలి పీల్చగలగాలి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే "ఇంకొంచెం గుంజి కట్టు, లేకుంటే పొట్ట జారుతది" అంటారు. వినకండి. ఎక్కువ బిగిస్తే కడుపులో ఒత్తిడి పెరిగి, కాళ్ల నుంచి పైకి వచ్చే రక్తం నెమ్మదిస్తుంది, పిక్కల్లో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఊపిరి పైపైనే ఆడి ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుంటుంది. ఆసుపత్రిలో ఊపిరి కసరత్తుకు ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ అందుకే, దాన్ని ఊదకూడదు, పీల్చాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు.

పొత్తికడుపు నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది కాబట్టి నొప్పిని నమ్ముకుంటే లాభం లేదు. రోజుకు రెండుసార్లు బెల్ట్ విప్పి అద్దంలో కళ్లతో చూడాలి. ఎర్రటి అచ్చు అరగంటలో పోతే ఫరవాలేదు, పోకపోతే వదులు చేయండి. వేడినీళ్ల బ్యాగు, ఐస్ ముక్కలు నేరుగా పెట్టొద్దు. కాలుతున్నా తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేచి ఉంటుంది.

డ్రెయిన్ ఉన్నన్నాళ్లూ గొట్టం బెల్ట్ కింది అంచు నుంచి బయటికి రావాలి. బెల్ట్ కింద మెలిక పడితే నీరు లోపలే ఆగుతుంది, గొట్టం చివర నీరు చేరే గ్రెనేడ్ ఆకారపు బల్బు ఖాళీగా కనిపించి "నీరు తగ్గింది" అని మోసపోతాం. బల్బును నొక్కి గాలి తీసి మూత పెట్టాలి, ఉబ్బి ఉంటే పీల్చడం లేదని అర్థం. పొద్దున, రాత్రి ఎన్ని మి.లీ. వచ్చిందో, రంగేమిటో రాసిపెట్టండి. 24 గంటల్లో 30 మి.లీ. కన్నా తక్కువ వస్తుంటే సాధారణంగా తీసేస్తారు, నిర్ణయం సర్జన్‌దే. లంగా నాడా సరిగ్గా బొడ్డు కుట్ల మీద పడుతుంది, ఆరు వారాలు ముందు బొత్తాలున్న నైటీలే మేలు. బల్బును నైటీకి పిన్నుతో వేలాడదీయొచ్చు.

జిప్పు, హుక్కుల కంప్రెషన్ గార్మెంట్ (ఒంటికి బిగుతుగా పట్టే లోదుస్తు) ఎలాస్టిక్ బైండర్‌కు రెండు మూడింతల ధర. తొడల దాకా ఉంటుంది, ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది, చీర కింద కనబడదు. డ్రెయిన్లు తీశాక, వాపు దిగాక, అంటే మూడో వారం తర్వాత బాగుంటుంది. తొలి రోజుల్లో కొనకండి. వేసుకోవడానికి వంగాలి, జిప్పులో గుడ్డ ఇరుక్కుంటుంది, ప్రతిసారీ ఇంకొకరి సాయం కావాలి. కొనేటప్పుడు బాత్రూంకు వెళ్లేందుకు కింద తెరిచి ఉన్నదే చూసుకోండి.

ఆన్‌లైన్‌లో వచ్చే "స్వెట్ స్లిమ్" రబ్బరు బెల్టులకు మా దగ్గర సున్నా మార్కులు. చెమట పట్టించడానికే చేసినవి అవి. తడిసిన కుట్టు మెత్తబడి విచ్చుకుంటుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి. బాలింతకు కట్టినట్టు పాత చీర చుట్టడమూ దీనికి సరిపోదు. గుడ్డకు సాగే గుణం లేదు. పడుకున్నప్పుడు బాగున్న బిగింపు కూర్చోగానే కోసుకుపోతుంది, నడిస్తే మెలిపడి జారుతుంది.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. మే నెలలో నల్లగొండలో 43 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో 24 గంటలు ఎలాస్టిక్ కట్టుకుంటే చెమటకాయలు తప్పవు. వీలుంటే నవంబరు నుంచి జనవరి మధ్య తేదీ పెట్టించుకోండి. ఎండాకాలమే అయితే బనియన్ రోజుకు మూడుసార్లు మార్చాలి, పౌడర్ కుట్టు దరిదాపులకు పోకూడదు. బెల్టులు రెండు ఉంటేనే సాగుతుంది, ఒకటి ఉతికితే ఒకటి ఒంటి మీద. వెల్‌క్రో మూసి, చల్లటి నీళ్లలో సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి. ఎండలో, డ్రైయర్‌లో ఎలాస్టిక్ చచ్చిపోతుంది. వెల్‌క్రోలో పేరుకున్న దారపు పోగులను పాత టూత్ బ్రష్‌తో తీస్తే పట్టు మళ్లీ వస్తుంది.

బెల్ట్ ఎంత మంచిదైనా ఇల్లు సిద్ధంగా లేకపోతే ఫలితం చెడుతుంది. కుంగిపోయిన నవారు మంచం మీద లేవాలంటే పొట్ట కండరం బిగబట్టాలి. గట్టి మంచం మీద వీపుకు మూడు దిండ్లు, మోకాళ్ల కింద రెండు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకోవాలి. లేచేటప్పుడు పక్కకు తిరిగి మోచేత్తో ఒత్తి లేవాలి. మొదటి వారం పది రోజులు వంగే నడుస్తారు, నిటారుగా నిలబడాలని పంతం పట్టొద్దు. అయినా మొదటి రోజు నుంచే నడవాలి. ఇంట్లో గొంతుకూర్చునే మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోండి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే లోపలి కుట్ల మీద భారం. నీళ్లు, పండ్లు, సర్జన్ చెబితే ఇసబ్‌గోల్ వాడండి. పప్పు తింటే చీము పడుతుందని మాన్పించడం మన ఇళ్లలో మామూలు. అది తప్పు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చికెన్ ఏవీ మానొద్దు. మిర్చి పోపు ఘాటు వంటిల్లు దాటకుండా చూడండి, ఒక్క దగ్గు పొట్టంతా కదిలిస్తుంది. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోవాలి. నిండు బిందె 15 కిలోలు, వాటర్ క్యాన్ 20 కిలోలు. ఆరు వారాల దాకా ఐదు కిలోలు దాటింది ఎత్తకూడదు, చంటిపిల్లలనైనా సరే.

తిరుగు ప్రయాణం 100 కిలోమీటర్ల పైచిలుకు. నార్కట్‌పల్లి మీదుగానైనా, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగానైనా కారులో ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోండి, గంటకోసారి ఆగి ఐదు నిమిషాలు నడవండి. సీటు బెల్ట్ కింద మెత్తటి తువ్వాలు పెట్టుకోండి, సీటు బెల్ట్ మాత్రం మానొద్దు.

ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా బెల్ట్ వదులు చేసి వెంటనే 108కు ఫోన్ చేయాలి. డ్రెయిన్‌లో చిక్కటి ఎర్ర రక్తం, ఒకవైపే ఉబ్బడం, జ్వరం, కుట్టు దగ్గర దుర్వాసన, చర్మం నల్లబడటం కనిపిస్తే అదే రోజు సర్జన్‌కు చూపించాలి. డ్రెయిన్ తీశాక పొట్టలో నీళ్లు కదిలినట్టు అనిపిస్తే అది సెరోమా కావచ్చు. పైన బెల్ట్ ఇంకా బిగించి దాచిపెట్టొద్దు, సూదితో తీసేది చిన్న పని, ఆలస్యమైతే దాని చుట్టూ పొర కట్టి మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది.

ఆరు వారాల తర్వాత సర్జన్ సరేనంటే ముందు రాత్రిళ్లు విప్పండి, తర్వాత ఇంట్లో కొన్ని గంటలు. సాయంత్రానికి వాపు పెరిగితే మరుసటి రోజు పగలు మళ్లీ కట్టుకోవచ్చు. ఇలా నెలల పాటు కాస్త వాపు వచ్చిపోతుంటుంది, దానికోసం కొత్త బెల్ట్ కొనక్కర్లేదు.