అన్నం మానెయ్యడమా, సగం చెయ్యడమా, ఉప్పు తగ్గించడమా: ఏది మేలు?

కనుమ మర్నాడు మా బావ చేపల ప్యాకింగ్ షెడ్డులో కాటా ఎక్కాడు. భీమవరం అవతల వాళ్ళకి చెరువులున్నాయి. ఐసు పెట్టెలు తూచే ఆ కాటాని మా ఇళ్ళల్లో అందరూ కోర్టు తీర్పులా నమ్ముతారు. 88 కేజీల 900 గ్రాములు చూపించింది. భోగికి ముందు రోజు అదే కాటా మీద సరిగ్గా 86.

"నాలుగు రోజుల్లో మూడు కేజీల కొవ్వు పట్టేసింది రా బావా" అని పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. ఆ సాయంత్రం నుంచే అన్నం బంద్. వాట్సాప్‌లో ఎవరో పంపిన చార్టు ప్రకారం గుడ్లు, చేపలు, పనీరు, కొబ్బరినూనె. పదో రోజున కాటా మీద 84.7. షెడ్డులో కుర్రాళ్ళందరికీ మజ్జిగ పోయించాడు. తను మాత్రం తాగలేదు, అందులోనూ కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, ఉంటాయిట.

అదే పది రోజుల్లో నేను అన్నం సగానికి తగ్గించి 81.3 నుంచి 80.4కి వచ్చాను. వాడు నాలుగు కేజీల పైచిలుకు, నేను తొమ్మిది వందల గ్రాములు. ఇంట్లో వదిన నా వైపు చూసిన చూపు చెప్పలేను.

ముందు ఆ పండగ మూడు కేజీల సంగతి తేలుద్దాం. కేజీ ఒంటికొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి. మూడు కేజీలంటే 23,100. కేజీ బియ్యం 3,500 క్యాలరీలు అనుకుంటే, రోజూ తినే తిండి కాక దాని పైన ఆరున్నర కేజీల బియ్యం వండుకుని నాలుగు రోజుల్లో లాగించెయ్యాలి. మా బావ భోక్తే, కాదనను. ఆత్రేయపురం పూతరేకులు డబ్బా ఒక్కడే ఖాళీ చేస్తాడు. అయినా ఆరున్నర కేజీలు వాడివల్ల కూడా కాదు. కాస్త కొవ్వు పట్టి ఉంటుంది, కాదనడం లేదు. మిగతాదంతా నీళ్ళు.

ఆ నీళ్ళు రెండు దారుల్లో చేరతాయి. తిన్న అన్నం, అరిసెలు, కాజాల్లోని పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుంది. అప్పటికి అక్కర్లేని దాంట్లో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో ఒళ్ళు దాచుకుంటుంది. మామూలు మనిషికి కాలేయంలో ఓ వంద గ్రాములు, కండరాల్లో ఓ నాలుగు వందల గ్రాములు పడుతుంది. అది పొడిపొడిగా ఉండదు, గ్రాము గ్లైకోజెన్ తన వెంట సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. అర కేజీ సరుకు, దానికి కేజీన్నర నీళ్ళు. గాదె నిండితే రెండు కేజీలు, ఖాళీ అయితే ఆ రెండు కేజీలూ పోతాయి.

రెండో దారి మూత్రపిండాలది. పిండిపదార్థం తింటే ఇన్సులిన్ పెరుగుతుంది కదా, అది మూత్రపిండాలకి ఉప్పుని బయటికి పోనివ్వొద్దని చెబుతుంది. ఉప్పు ఆగితే నీరూ ఆగుతుంది. అన్నం మానేస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, లాకులు ఎత్తేసినట్టు ఉప్పూ నీరూ కలిసి దిగిపోతాయి. మొదటి మూడు రోజులు బావ రాత్రిళ్ళు నాలుగేసి సార్లు లేచాడని అక్కయ్య చెప్పింది. కరిగిన కొవ్వు అలా పోదు, దాంట్లో ఎక్కువ భాగం ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగా వెళ్ళిపోతుంది.

ఇది మన రైతులకి ఒకళ్ళు చెప్పాల్సిన పని లేదు. కోతలయ్యాక 22 శాతం తేమతో ఉన్న 75 కేజీల బస్తాని రోడ్డు మీద ఆరబోసి, కొనుగోలు కేంద్రం వాళ్ళడిగే 17 శాతానికి తెస్తే తూకం ఎంతొస్తుంది? డెబ్భైన్నర. నాలుగున్నర కేజీలు పోయాయని ఎవరైనా గింజలు కాకులెత్తుకుపోయాయంటారా? బావ పది రోజుల్లో చేసింది చాలావరకు అదే, ఆరబోత.

నోటిమాట కాదు, దీన్ని కొలిచినవాళ్ళున్నారు. 1976లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో ఆరుగురు స్థూలకాయుల చేత పదేసి రోజుల చొప్పున రెండు రకాల తిండి తినిపించారు. రెండూ రోజుకి 800 క్యాలరీలే. ఒకదాంట్లో పిండిపదార్థం దాదాపు లేదు, రెండోది అన్నీ కలిసిన తిండి. మొదటిదాంతో రోజుకి సగటున 467 గ్రాములు తగ్గారు, రెండోదాంతో 278. మొదటిదే గెలిచిందనుకుంటాం. కానీ తగ్గినదాంట్లో ఏమేముందో విడదీసి చూస్తే మొదటిదాంట్లో 61 శాతం నీళ్ళే, రెండోదాంట్లో 37 శాతం. కొవ్వు ఎంత పోయిందో లెక్క కట్టండి: ఇటు రోజుకి 163 గ్రాములు, అటు 165. రెండిటి గింజా ఒక్కటే, తేమలోనే తేడా.

ఈ లెక్క కాగితం మీద రాసి బావకి చూపించాను. "అయితే నా నాలుగు కేజీలు అబద్ధమంటావా?" అన్నాడు. అబద్ధం కాదు. కాటా ఎప్పుడూ అబద్ధం చెప్పదు, మనం అడగని ప్రశ్నకి జవాబు చెబుతుందంతే.

మానెయ్యడంలో మంచి లేదని కాదు. నీళ్ళు దిగితే పొట్ట తేలిగ్గా ఉంటుంది, లుంగీ ముడి ఇంకో రెండంగుళాలు లోపలికి వస్తుంది, ఆ హుషారుతో మనిషి ఇంకో నాలుగు వారాలు నడుం కడతాడు. గుడ్లు, చేపలు ఎక్కువగా తినేవాళ్ళకి ఆకలి కూడా అణిగి ఉంటుంది. షుగరున్నవాళ్ళలో కొందరికి రక్తంలో చక్కెర బాగా అదుపులోకి వస్తుంది. అయితే షుగరున్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఈ పని చెయ్యకూడదు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళ గానీ పాత మోతాదులోనే వేసుకుంటూ అన్నం మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే బిళ్ళలు వాడేవాళ్ళకైతే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది, అది ఆస్పత్రి దాకా వెళ్ళే వ్యవహారం. బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి నీళ్ళూ ఉప్పూ దిగిపోయాక అదే మోతాదు ఎక్కువైపోతుంది.

బిళ్ళలేవీ లేని బావకే నాలుగో రోజు తలపోటు. ఐదో రోజు రాత్రి పిక్క పట్టేసి ఊరంతా లేచేలా అరిచాడు. ఉప్పు పోయినందువల్ల వచ్చే బాధలివి. బీపీ, కిడ్నీ జబ్బు లేనివాళ్ళయితే మజ్జిగలో కాస్త ఉప్పేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. వాడి చార్టులో మజ్జిగ లేదు మరి.

అసలు చిక్కు పదకొండో రోజు తర్వాత వచ్చింది. పాలకొల్లులో పెళ్ళి. రెండు పూటలు బంతి భోజనం, మర్నాడు పొద్దున్న ఇడ్లీ, గారె. ఇంటికొచ్చి కాటా ఎక్కితే 87.1. రెండు రోజుల్లో 2.4 కేజీలు. వాడి మొహం చూడాలి. గాదె మళ్ళీ నిండింది, దాని నీళ్ళు దానికి చేరాయి. వేసంగిలో కట్టేసిన కాలువకి నీళ్ళు వదిలితే ఊరి చెరువు నిండదా? కానీ మా బావకి అది "ఎంత చేసినా ఇంతే" అన్నట్టు కనబడింది. ఆ సాయంత్రం గోంగూర పచ్చడితో మూడు వాయిలు తిన్నాడు. ఈ దారిలో నాకు భయం వేసేది ఇక్కడే. తగ్గినప్పుడు ఉత్తి నీళ్ళకి సంబరపడినవాడు, పెరిగినప్పుడు ఉత్తి నీళ్ళకే డీలాపడి మొత్తం వదిలేస్తాడు.

ఇక నాది. ఎంత తింటున్నానో తెలియకుండా సగం అనడం కుదరదని వంటింట్లోకి చిన్న కాటా కొన్నాను. మధ్యాహ్నం కంచంలో అన్నం 480 గ్రాములు. "మారు వడ్డించుకున్నది తూచరేంటండీ?" అంది మా ఆవిడ. తూస్తే ఇంకో 130. మొత్తం 610 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, 130 క్యాలరీలు ఉంటాయి కాబట్టి ఒక్క పూట అన్నంతోనే 800కి దగ్గర. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో స్వర్ణ వరి వంగడం ఇచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎసరు కొలత మారలేదేమో. చాకిరీ మాత్రం మారింది. మా నాన్న ఆ అన్నం తిని గట్లు చెక్కేవాడు, నేను తిని లాప్‌టాప్ తెరుస్తాను. రైసుమిల్లు దగ్గర బస్తాలు మోసే ముఠా వాళ్ళు నాకంటే ఎక్కువే తింటారు, ఒక్కడికీ బొజ్జ ఉండదు. వాళ్ళ గ్లైకోజెన్ గాదె సాయంత్రానికి చాలావరకు ఖాళీ అవుతుంది. వాళ్ళకి వెళ్ళి అన్నం మానెయ్యమని చెప్పేవాడికి బస్తా ఎత్తి చూపించమనాలి.

మధ్యాహ్నం 300, రాత్రి 200 గ్రాములకి దించాను, అంటే రోజు మొత్తం మీద సుమారు సగం. కాగితం మీద రోజుకి 650 క్యాలరీలు తగ్గాయి, పన్నెండు రోజులకో కేజీ కొవ్వు పోవాలి. కాగితం మీద. కంచంలో ఖాళీ కనబడేసరికి బొచ్చె చేప వేపుడు మీద పడ్డాను, టేబుల్‌స్పూను నూనెకి 120 క్యాలరీలని తర్వాత గుర్తొచ్చింది. వేపుడు బదులు పులుసు, పప్పు, తోటకూర పెంచాక దారిలో పడింది. ఉగాదికి 78.2. మూడు కేజీల చిల్లర, పది వారాల్లో. గొప్పేం కాదు. కానీ మధ్యలో నాలుగు పెళ్ళిళ్ళు, ఒక తీర్థం దాటి వచ్చిన మూడు కేజీలవి.

ఏడాది పొడుగునా చూస్తే పిండిపదార్థం తగ్గించినా, కొవ్వు తగ్గించినా పెద్ద తేడా ఉండదు. 2018లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుని కొవ్వు తగ్గించమని, ఇంకో జట్టుని పిండిపదార్థం తగ్గించమని చెప్పారు. ఏడాదికి కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కేజీలు, పిండిపదార్థం తగ్గించినవాళ్ళు 6 కేజీలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదని తేల్చారు.

మూడోది ఉప్పు. దీన్ని బరువు తగ్గే మార్గమని ఎవరైనా చెబితే నమ్మకండి, కానీ కాటాని ఆడించడంలో అన్నానికి తమ్ముడే. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది, అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు. మన రక్తంలోని ఉప్పదనానికి సరిపోయే కొలత అది. అంటే ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిస్తే, మూత్రపిండాలు దాన్ని బయటికి తోసేదాకా లీటరు నీళ్ళని పట్టుకుని కూచుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉండమంటుంది, చిన్న చెంచాడు. ఆవకాయ, ఎండురొయ్యలు, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న భోజనంలో అది మధ్యాహ్నానికే దాటిపోతుంది.

మా అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, పిడికెడు అన్నమే తింటుంది. అయినా సాయంత్రానికి పాదాలు బూరెల్లా పొంగేవి. ఎండుచేపలు, పచ్చళ్ళు తగ్గిస్తే వారంలో మట్టెలు కాస్త వదులయ్యాయి. కానీ బొటనవేలితో నొక్కితే పడే గుంట మాత్రం పోలేదు. డాక్టరు చూసి, ఆవిడ వేసుకునే బీపీ బిళ్ళ ఆమ్లోడిపిన్ వల్ల కూడా అలా రావచ్చని చెప్పి బిళ్ళ మార్చారు, అప్పుడు తగ్గింది. గుంట పడే వాపు గుండె, మూత్రపిండాల జబ్బులకీ గుర్తు కావచ్చు. దాన్ని "కార్బ్స్ నీరు" అనుకుని అన్నం మానేసి ఇంట్లో కూర్చోకూడదు.

రాత్రిపూట చపాతీ సంగతీ అడుగుతారు. మూడు మామూలు చపాతీల్లో ఉన్న పిండిపదార్థం 200 గ్రాముల అన్నంలో ఉన్నంతే. లెక్కపెట్టి తినే వీలుంటుంది, లాభం అంతవరకే.

నన్నడిగితే షుగరు కోసం డాక్టరు దగ్గరుండి చేయించేవాళ్ళకి మొదటిది, నాలాంటి కుర్చీ మనుషులకి రెండోది. మూడోది అందరికీ, కాకపోతే బరువు కోసం కాదు, బీపీ కోసం. ఏది పట్టుకున్నా కాటాని మాత్రం రోజూ ఒకే వేళకి ఎక్కాలి, పొద్దున్న దొడ్డికెళ్ళొచ్చాక, కాఫీకి ముందు. ఆ రోజు అంకె చూసి ఏమీ అనుకోకుండా వారం సగటుని పోయిన వారం సగటుతో పోల్చాలి. ఆడవాళ్ళకి నెలసరి ముందు ఒకటీ రెండు కేజీల నీరు చేరడం మామూలే, వాళ్ళు నెలని నెలతో పోల్చుకుంటే మేలు. ఒకటే కాటా ముఖ్యం. ఐసు పెట్టెల కాటా, బాత్రూం కాటా కలిపి చూసుకుంటే గొడవే.

బావ ఇప్పుడు అన్నం తింటున్నాడు, ఒక వాయి. మొన్న పొద్దున్నే షెడ్డులోంచి ఫోను.

"ఒరేయ్, ఇవాళ 84.2."

"నిన్న రాత్రి ఏం తిన్నావ్?"

"రొయ్యల బిర్యానీ. అందుకే నీకు చేశాను. తేమ ఎంతుంటుందో తీసేసి చెప్పు."