రోజంతా మన చెవిన పడే మోతని కొలవాలంటే: స్టేషనా, భుజం మీటరా, ఫోనా?

హైదరాబాద్‌లో శబ్దం ఎంతుందో చెప్పే సర్కారు లెక్క ఒకటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో మొదలుపెట్టిన నెట్‌వర్క్‌లో ఏడు నగరాలకు కలిపి 70 స్టేషన్లు. మనకు వచ్చినవి పది: అబిడ్స్, పంజాగుట్ట, తార్నాక వగైరా. మంచి మైకు, రాత్రీపగలూ ఆగని కొలత. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు. ఆ గీత ఏడాది పొడవునా ఎన్నిసార్లు దాటిందో తేలాలంటే స్టేషనే కావాలి. కాకపోతే అది వినేది తన స్తంభం చుట్టూ ఉన్న మోతని. మీ సందులో బోరు బండి, పక్కింటి బారాత్ డీజే దాని లెక్కలోకి రావు.

మనిషితో పాటు తిరుగుతూ, అతని చెవిన పడే మోతంతా లెక్కగట్టే మీటరు డోసిమీటర్. చెవికి దగ్గరగా భుజానికి తగిలించుకుంటారు. ఫ్యాక్టరీల్లో వాడకం ఎక్కువ. ఇది ఎందుకు కావాలో ఒక లెక్క చూడండి. రోజులో గంటసేపు 80 డెసిబెల్స్ ట్రాఫిక్‌లో, మిగతా 23 గంటలు 50 డెసిబెల్స్ ఇంట్లో గడిపారనుకుందాం. మామూలు సగటు 51 చిల్లర. కానీ డెసిబెల్స్‌ని అలా కూడి భాగించకూడదు, మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. సరిగ్గా కడితే 66 వస్తుంది. అంటే రోజు మొత్తాన్నీ ఆ ఒక్క గంటే తినేసింది! రోడ్డు పక్క స్తంభానికి ఈ సంగతి తెలిసే దారే లేదు. చిక్కల్లా ధర దగ్గర. పైగా వేసుకున్నవాళ్ల మాటలు కూడా లెక్కలో పడిపోతాయి, నాలాంటి వాగుడుకాయలకు మరీ కష్టం.

ఇక ఫోను. ఫ్రాన్స్ పరిశోధకులు 2017లో తెచ్చిన నాయిస్‌క్యాప్చర్ అనే యాప్ ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్‌తో నడుస్తూ కొలిస్తే జీపీఎస్‌తో కలిపి మ్యాపులో చేరుస్తుంది. ఫోన్ మైకు మాటల కోసం చేసింది కాబట్టి ఒక్కో మోడల్ ఒక్కో అంకె చూపిస్తుంది. జేబులో పెడితే ఇంకా తక్కువ. పెద్ద మోతకు చేతులెత్తేస్తుంది.

అయినా మా కాలనీలో ఎక్కడెంత మోతో చూపే మ్యాపుకి నేను ఫోనుకే ఓటేస్తాను. ఒక షరతు: ముందుగా అసలైన శబ్దం మీటరు అద్దెకు తెచ్చి, ఫోను పక్కన పెట్టి, తేడా ఎంతో చూసి యాప్‌లో సరిచేసుకోవాలి. ఆ తర్వాత పదిమంది చేతిలో పట్టుకుని, అవే వేళల్లో అవే వీధులు తిరిగితే ఏ మలుపు దగ్గర మోత ఎక్కువో తెలిసిపోతుంది. ఫిర్యాదు పెట్టాలంటే మాత్రం ఫోను స్క్రీన్‌షాట్ చాలదు. ఆ మలుపు దగ్గరికే మీటరు తెచ్చి కొలవమని అధికారుల్ని అడగాలి.