పదహారు నెలలు లూప్ బ్యాండ్ వాడాక

లూప్ బ్యాండ్ అంటే కాళ్ళకి తొడుక్కుని వ్యాయామం చేసే, గుండ్రంగా ఉండే సాగే పట్టీ. నేను దాన్ని కొనడానికి అసలు కారణం లెగ్గింగులు. కొత్తది వేసిన రెండు నెలలకల్లా తొడల మధ్య ఉండలు కట్టి, పలచబడి, చిరిగేది. ఎండాకాలం బస్టాపు దాకా నడిస్తే తొడలు ఒరుసుకుని మంట. ఇంటికొచ్చాక కొబ్బరినూనే దిక్కు. అప్పుడు నా బరువు 76 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.

మొదట ఐదు రంగుల రబ్బరు బ్యాండ్ల సెట్టు కొన్నాను. డబ్బా మీద ‘30 రోజుల్లో తొడల కొవ్వు మాయం’ అని రాసుంది. మోకాళ్ళ పైకి ఎక్కించి గుంజీలు తీస్తే నాలుగోదానికే చుట్టుకుపోయి తాడులా అయ్యేది, చర్మం మీద ఎర్రటి గీత పడేది. పౌడరు చల్లకపోతే ఒకదానికొకటి అంటుకుపోయేవి. మే నెలలో ఎండ పడే కిటికీలో మర్చిపోయిన ఆకుపచ్చది, పక్కకు అడుగులేస్తుండగా ఠప్పున తెగి పిక్క మీద కొట్టింది. హాల్లోంచి అత్తయ్య “ఏం పగిలిందమ్మా?” అని కేక.

తర్వాత గుడ్డ బ్యాండ్ తీసుకున్నాను. మూడంగుళాల వెడల్పు. లోపలివైపు రబ్బరు పోగులు నేసి ఉంటాయి కాబట్టి జారదు, చుట్టుకోదు. ఇకపై చెప్పేదంతా దీని గురించే.

వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు. పీతలా పక్కకు అడుగులు, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, గుంజీలు. గుంజీలప్పుడు నా మోకాళ్ళు లోపలికి వాలిపోయేవి. బ్యాండ్ ఇంకా లోపలికి లాగుతుంటే వాటిని బయటికి తోయక తప్పదు, దాంతో పిరుదుల పక్క కండరానికి పని పడుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప దగ్గర వచ్చే నొప్పి నాకు మూడో నెలకి పోయింది.

ఇక కొలతలు. కుడి తొడ మీద నాకో పుట్టుమచ్చ ఉంది. టైలరు టేపు సరిగ్గా దాని మీదుగా చుట్టి నెలకోసారి చూసేదాన్ని. మొదటిరోజు 63 సెంటీమీటర్లు. రెండు నెలలు మానకుండా చేశాక? 63. గట్టిపడ్డట్టు చేతికి తెలుస్తోంది గానీ టేపు ఒప్పుకోదు. ఏడుపొచ్చింది. ఏ కండరం కదిలిస్తే దాని మీది కొవ్వే కరుగుతుందన్నది ఉత్త మాట. కొవ్వు ఒళ్ళంతటా తగ్గాలి, ఎక్కడ ముందన్నది మన చేతిలో లేదు. ఆడవాళ్ళకి తొడలు చాలాసార్లు ఆఖర్న తగ్గుతాయి. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. ఇరవై నిమిషాల బ్యాండ్ పనికి ఖర్చయ్యేదెంత, సాయంత్రం రెండు మిరపకాయ బజ్జీలు తింటే లెక్క సరి!

అప్పట్నుంచి అన్నం కప్పుతో కొలిచి పెట్టుకున్నాను. రాత్రి పెరుగన్నం బదులు రెండు గుడ్లు, ఉడికించిన శనగలు. లిఫ్టు మానేసి నాలుగంతస్తులూ మెట్లే. వీటిలో పెరుగన్నం మానడమే నరకం, ఆదివారాలు ఇప్పటికీ తింటాను. ముందు మొహం చిక్కింది (“ఒంట్లో బాలేదా?” అని మా వదిన కంగారు), తర్వాత నడుము, ఆరో నెల దాటాకే తొడలు. ఇవాళ 67 కిలోలు, పుట్టుమచ్చ దగ్గర 57. ఒకే లెగ్గింగు ఏడు నెలలుగా బతికుంది.

పిక్కలు మాత్రం మా నాయనమ్మవి, దిట్టంగా అలాగే ఉన్నాయి. తొడ వెనక గుంటలు కొంచెం నునుపయ్యాయి, పోలేదు.

నాలుగేళ్ళ కిందట అలిపిరి నుంచి నడిచి గాలిగోపురం దగ్గర అరగంట చతికిలబడ్డాను. మొన్న మార్చిలో 3,550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర రెండుసార్లు ఆగాను గానీ కూర్చోలేదు. ఫొటోల్లో కనపడే తేడా కన్నా ఇదే నాకు ముద్దు.

లోపాలూ ఉన్నాయి. ఎనిమిదో నెలకి మీడియం బిగువు తేలికైపోయింది. కండరానికి ఇంకా బరువు కావాలి, బ్యాండ్ ఇవ్వలేదు. పదికిలోల బియ్యం సంచి కావలించుకుని గుంజీలు తీస్తున్నాను, చూసి పిల్లలు ఒకటే నవ్వు. గుడ్డ చెమట వాసన పట్టేస్తుంది, చన్నీళ్ళలో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ఇప్పుడు కుట్టు దగ్గర పోగులు లేస్తున్నాయి.

కొనేవాళ్ళు రంగుల సెట్టు జోలికి పోవద్దు. తొడ చుట్టుకొలత చూసుకుని సైజు ఎంచుకోండి. నాది ఇప్పుడు వదులై మోకాళ్ళ కిందికి జారుతోంది, ఒక సైజు చిన్నది, హెవీ బిగువుది, నిన్ననే ఆర్డరు పెట్టాను.