సోషల్ క్లాసులో పెద్ద ప్రశ్న ముందా, పాఠం ముందా?

కొత్తగా చేరిన సోషల్ టీచర్లు తరచుగా ఇదే అడుగుతున్నారు: "న్యాయం అంటే ఏంటి, యుద్ధం ఎప్పుడైనా సరైనదేనా" లాంటి ప్రశ్నతో పాఠం మొదలుపెట్టాలా, పాఠమంతా అయ్యాక అడగాలా అని. రెండూ చేశాను, రెండింట్లోనూ దెబ్బతిన్నాను.

పాఠం ముందు చెబితే సిలబస్ అవుతుంది, బిట్లకు కావలసిన పేర్లూ తేదీలూ పిల్లల చేతిలో ఉంటాయి. కానీ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి బెల్లు. బెల్లు కాకపోయినా మనకు ఏ జవాబు కావాలో వాళ్లకి అప్పటికే తెలిసిపోతుంది. అశోకుడు మారాడు, అహింస గొప్పది, నోట్స్ రాసేసుకున్నారు.

ప్రశ్న ముందు అడిగితే క్లాసు లేచి కూర్చుంటుంది, నిజమే. నేను "యుద్ధం తప్పా?" అని ఆరో తరగతిలో అడిగిన రోజు పీరియడంతా గోల. కురుక్షేత్రం వచ్చింది, సినిమా ఫైట్లు వచ్చాయి, ఒకడింట్లో పొలం గట్టు తగాదా కూడా వచ్చింది. కళింగ మాత్రం రాలేదు.

అందుకే నా లెక్కలో ముందా వెనకా అన్నది కాదు, ఏ ప్రశ్న అన్నదే తేల్చే విషయం. పాఠం ముట్టుకోకుండా జవాబు చెప్పగలిగితే అది ఎంత లోతైనదైనా సోషల్‌కి పనికిరాదు.

మరుసటేడు అశోకుడి 13వ శిలాశాసనంలోని మాటలే బోర్డు మీద రాశాను: లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్ష మందిని చంపారు, ఇంకా ఎన్నో రెట్ల మంది పోయారు, రాజు బాధపడుతున్నాడు. రాసి, "అంత బాధపడ్డవాడు కళింగను తిరిగి ఎందుకివ్వలేదు?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి బెంచీ అమ్మాయి, "పెన్ను దొంగిలించి, సారీ చెప్పి, జేబులోనే ఉంచుకున్నట్టుంది సార్" అంది. అప్పుడు రెండో సంగతి చెప్పాను. ఈ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది గానీ, కళింగలోని ధౌలి, జౌగడలలో మాత్రం లేదు, అక్కడ దాని బదులు వేరే శాసనాలు చెక్కించాడు. మరి సారీ ఎవరికి చెప్పినట్టు? "అక్కడ చెక్కిస్తే పాత కోపాలు లేస్తాయని భయమేమో" అన్నాడొకడు. పైగా అదే శాసనంలో అడవి జనాలకు హెచ్చరిక కూడా ఉందని చూపించేసరికి, పశ్చాత్తాపం అంటే ఏంటన్న పెద్ద ప్రశ్నకు వాళ్లంతట వాళ్లే వచ్చేశారు.

దీనికి రెండు పీరియడ్లు పట్టింది, అది దాచను. పదో తరగతికి జనవరి తర్వాత నేనూ పాఠమే ముందు చెబుతాను, పరీక్షల టెన్షన్‌లో పిల్లలకు ఇంకేదీ ఎక్కదు. డిబేట్లు, నాటికలు పెట్టేవాళ్లూ ఉన్నారు. బాగానే ఉంటాయి, మాట్లాడే నలుగురే మాట్లాడతారు.

ఈసారి తొమ్మిదో తరగతి ఫ్రెంచి విప్లవానికి ఒకటి అనుకుంటున్నా: మనుషులంతా సమాన హక్కులతో పుడతారని 1789లో రాసుకున్నవాళ్లు తమ వలసల్లో బానిసత్వాన్ని 1794 దాకా ఎందుకు ఉంచుకున్నారు? పోయినేడు "స్వేచ్ఛ అంటే ఏంటి" అని అడిగితే, హోంవర్క్ లేకపోవడం అన్నారు.