‘250 శాతం ఎక్కువ వేగం’ కరపత్రంతో జాగ్రత్త

ఇంటర్నెట్ ప్లాను మార్చుకోమంటూ ఎవరైనా కరపత్రాలతో మీ అపార్ట్‌మెంటుకు వస్తే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను ఆరు నెలల డబ్బు ముందుగానే కట్టి కూర్చున్నాను.

మాకు 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) కనెక్షన్ ఉండేది. నెలకు 499 రూపాయలు, జీఎస్టీ అదనం. పోయిన నెల అదే కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. చేతిలో రంగురంగుల కాగితం. ‘ఇప్పటికంటే 250 శాతం ఎక్కువ వేగం! నెలకు కేవలం 300 అదనం!’ గుమ్మంలో నిలబడే మనసులో లెక్క వేసుకున్నాను. 40లో 250 శాతం అంటే 100. ఉన్న 40 కలిపితే 140. బాగానే ఉందనిపించి, ఆరు నెలలకు పన్నుతో కలిపి 5,657 రూపాయలు కట్టేశాను.

కొత్త ప్లాను మొదలయ్యాక రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి కొలిస్తే 94 వచ్చింది. మూడుసార్లు కొలిచినా అంతే. ఆ కుర్రాడికి ఫోను చేశాను. “సార్, మీది 100 ప్లాను. 100ని 40తో భాగించండి, రెండున్నర వస్తుంది. అంటే 250 శాతమే కదా” అన్నాడు. ఆ ధీమాకు ఒక్క క్షణం నా లెక్కే తప్పేమో అనుకున్నాను.

తప్పు నాది కాదు. కొత్త వేగం పాతదానిలో 250 శాతం ఉండటం వేరు, పాతదానికంటే 250 శాతం పెరగడం వేరు. పెరుగుదల తేలాలంటే కొత్త వేగంలోంచి పాతది తీసేయాలి. మిగిలినదాన్ని పాతదానితో భాగించి వందతో హెచ్చించాలి. 100లో 40 పోతే 60. దాన్ని 40తో భాగిస్తే ఒకటిన్నర, అంటే 150 శాతం. ఆ తీసివేత మానేస్తే ఏమవుతుందో చూడండి: రేపు నా ప్లాను 40 నుంచి 40కే మార్చినా, ఆ కుర్రాడి పద్ధతిలో అది ‘100 శాతం ఎక్కువ వేగం’ అయిపోతుంది!

94 దగ్గర ఆగడంలో మాత్రం మోసం లేదు. 100 ఎంబీపీఎస్ పోర్టు (కేబుల్ తగిలించే చోటు) ఉన్న రూటర్‌లో కేబుల్ ద్వారా వచ్చేది దాదాపు అంతే. డేటాతోపాటు ప్రయాణించే చిరునామాల వంటి సమాచారం కొంత తినేస్తుంది. కానీ వాళ్లు ఇచ్చిన రూటర్‌కు ఉన్నదే 100 పోర్టు. వాళ్లు నిజంగా 140 పంపినా అది కేబుల్‌లోంచి నా ల్యాప్‌టాప్‌కు చేరే దారే లేదు. వందకు మించిన ప్లాను తీసుకునేవారు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉన్న రూటరే అడగండి.

ఆ కాగితంలో ఇంకో తెలివి ఉంది, అది నాకు వారం తర్వాత వెలిగింది. వేగమేమో శాతాల్లో, ధరేమో రూపాయల్లో రాశారు. 300ని 499తో భాగించండి. ధర 60 శాతం పెరిగింది. ఆ మాట రాసి ఉంటే తలుపు అప్పుడే వేసేసేవాణ్ణి.

పై అంతస్తు పిన్నిగారి దగ్గర ఇంకా పెద్ద లెక్క చెప్పాడు. ఆవిడదీ 40 ప్లానే. కంప్యూటర్‌లో ఏదో డౌన్‌లోడ్ అవుతుంటే అక్కడ కనిపించే అంకె 5. “మీకు ఇప్పుడు 5 వస్తోంది, మేము 100 ఇస్తాం” అన్నాడట. “ఇరవై రెట్లు నాయనా” అని ఆవిడ నాతో సంబరంగా చెప్పారు. ఆ 5 మెగాబైట్లు, ఈ 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఆవిడకు 5 బదులు మహా అయితే పన్నెండున్నర కనిపిస్తుంది, అంతే.

సమయం సంగతి కూడా చెప్పాలి. 3 జీబీ ఫైలు 40 ఎంబీపీఎస్‌లో దిగడానికి 10 నిమిషాలు, 100లో 4 నిమిషాలు. వేగం 150 శాతం పెరిగితే సమయం తగ్గింది 60 శాతమే.

పాత ప్లానుకే మార్చేయమని అడిగితే, “అలా చేస్తే మీ వేగం 150 శాతం పడిపోతుంది సార్” అని హెచ్చరించాడు. 100 నుంచి 40కి తగ్గితే పడేది 60 శాతం. 150 శాతం పడాలంటే మా ఇంట్లోంచే వాళ్ల ఆఫీసుకు ఇంటర్నెట్ వెళ్లాలి.

కట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు. కంపెనీలో ఫిర్యాదు చేసి నంబరు తీసుకున్నాను. అక్కడ తేలకపోతే వాళ్ల అప్పీలు అధికారికి రాస్తాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోను చేస్తాను. మీ దగ్గరకు ఎవరైనా వస్తే శాతాలు పక్కన పెట్టి, ఎన్ని ఎంబీపీఎస్ ఇస్తారో రసీదు మీదే రాయించుకోండి. నా రసీదులో ప్లాను పేరు తప్ప అంకె లేదు. కరపత్రాన్ని మాత్రం పారేయకుండా దాచాను, ఫిర్యాదుకు దాని ఫొటోనే జత చేశాను.