వీఎల్‌సీతో సినిమా పరిశోధన: ఎంతవరకు నమ్మొచ్చు

ఆంటొనియోని, బెర్గ్‌మన్ లాంటి యూరప్ దర్శకుల మీద థీసిస్ మొదలుపెట్టినవాళ్లు రోజులో ఎక్కువసేపు కూర్చునేది వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ముందే. డబ్బు కట్టక్కర్లేదు, దాదాపు ఏ ఫైలైనా ఆడుతుంది, పాత లాప్‌టాప్‌లో కూడా మొరాయించదు. 1996లో పారిస్‌లోని ఎకోల్ సాంత్రాల్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో అందరికీ అందింది. సినిమా చూడటానికి ఇంతకు మించింది అవసరం లేదు. ఒక షాట్‌ని, అంటే రెండు కట్‌ల మధ్య ఆగకుండా సాగే దృశ్యాన్ని, విప్పి చదవడానికీ సరిపోతుంది. కొలతల దగ్గర మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే చాప్టర్ మొత్తం తప్పుల తడక అవుతుంది.

మన దగ్గర ఈ చేతిపని నేర్పేవాళ్లు తక్కువ. అధ్యాపక అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో ఫిల్మ్ స్టడీస్‌కి విడిగా పేపర్ లేదు కాబట్టి ఎక్కువమంది ఇంగ్లిష్ నుంచో, మాస్ కమ్యూనికేషన్ నుంచో వస్తారు. హైదరాబాద్‌లో తార్నాకలోని ఇఫ్లూలో చదివినా గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో చదివినా సిద్ధాంతం మీద పెట్టినంత టైమ్ ఫ్రేముల మీద పెట్టే వీలు దొరకదు. తీరా వైవాలో 'ఈ షాట్ 40 సెకన్లని రాశారు, ఏ కాపీలో చూసి?' అని అడిగితే జవాబుండదు. అరవైల యూరోపియన్ సినిమాలో నిడివే అర్థాన్ని మోస్తుంది. పాత్రలు వెళ్లిపోయాక కూడా కెమెరా ఆ ఖాళీ వీధిని ఎంతసేపు చూస్తూ ఉండిపోయిందన్నది ఆంటొనియోని మీద రాసేవాళ్లు ఉజ్జాయింపుగా చెప్పి వదిలేయాల్సిన విషయం కాదు.

ముందు మంచి చెప్పుకుందాం. వీఎల్‌సీలో ఇంగ్లిష్ 'ఇ' (E) కీ నొక్కితే సినిమా ఆగి ఒక్కో ఫ్రేము చొప్పున ముందుకు జరుగుతుంది. 24 ఫ్రేముల సినిమాలో ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. బెర్గ్‌మన్ 'పెర్సోనా' (1966) తొలి నిమిషాలు, ప్రొజెక్టర్ దీపం వెలిగే దగ్గర్నుంచి, ఇలా నడిపి చూడండి. మామూలు వేగంలో మెరుపులా పోయిన బొమ్మలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. వేగం తగ్గించడానికి స్క్వేర్ బ్రాకెట్ కీలున్నాయి. షిఫ్ట్‌తో ఎడమ బాణం 3 సెకన్లు, ఆల్ట్‌తో 10 సెకన్లు, కంట్రోల్‌తో ఒక నిమిషం వెనక్కి తీసుకెళ్తాయి. వారం రోజుల్లో వేళ్లకు అలవాటైపోతాయి.

వెనక్కి ఒక్కో ఫ్రేమే పోవాలంటే 3.0 వరుస వీఎల్‌సీలో దారి లేదు. ఇది పెద్ద లోటే. కారణం ఫైలు తీరులో ఉంది. వీడియోలో అన్ని ఫ్రేములూ పూర్తి బొమ్మలు కావు. అక్కడక్కడా ఒక కీఫ్రేము ఉంటుంది, మధ్యలో ఉన్నవి దాని నుంచి వచ్చిన తేడాలే. ఒక ఫ్రేము వెనక్కి వెళ్లాలంటే ముందున్న కీఫ్రేము నుంచి మళ్లీ మొత్తం లెక్కగట్టుకుంటూ రావాలి. ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్‌తో కుదించిన ఫైళ్లలో రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా దూరం ఉండొచ్చు, అంటే పది సెకన్ల పైమాటే. అందుకని కట్ దాటిపోయాక షిఫ్ట్, ఎడమ బాణంతో 3 సెకన్లు వెనక్కి వెళ్లి, మళ్లీ 'ఇ' కొట్టుకుంటూ రావాలి. విసుగనిపిస్తే ఎంపీవీ అనే ఇంకో ఉచిత ప్లేయర్ పక్కన పెట్టుకోండి. అందులో ఫుల్‌స్టాప్ కీ ముందుకు, కామా కీ వెనక్కి ఒక్కో ఫ్రేము జరుపుతాయి. 'ఇ' కొట్టినప్పుడు బొమ్మ తడబడుతుంటే వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్/కోడెక్స్ కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి చూడండి, చాలాసార్లు అక్కడే కుదుటపడుతుంది.

అసలు ప్రమాదం వేగంలో ఉంది. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. యూరప్ డీవీడీలు పాల్ అనే అక్కడి టీవీ పద్ధతిలో 25 ఫ్రేములతో ఆడతాయి. అంటే సినిమా 4 శాతం వేగంగా పరిగెడుతుంది, గొంతులు కూడా ముప్పావు సెమీటోన్‌కి దగ్గరగా పైకి లేస్తాయి. ఆంటొనియోని 'లావెంతూరా' (1960) 143 నిమిషాలు. పాల్ డిస్కులో అదే సినిమా 137 నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క షాట్ కూడా కోయలేదు, కానీ ఆరు నిమిషాలు మాయం! ఒకరు బ్లూరేలో కొలిచి, ఇంకొకరు పాల్ కాపీలో కొలిచి ఇద్దరి అంకెలూ ఒకే పట్టికలో పెడితే ఆ పట్టికకు విలువ లేదు. పని మొదలుపెట్టే ముందు కంట్రోల్, జె నొక్కి కోడెక్ సమాచారంలో ఫ్రేమ్ రేట్ చూడండి. 23.976 గానీ 24 గానీ ఉంటే కొలత అలాగే రాసుకోవచ్చు. 25 ఉంటే వచ్చిన సెకన్లను 25తో గుణించి 24తో భాగించాలి: 24 సెకన్ల షాట్ అసలు 25 సెకన్లది. యూరప్ టీవీ సంస్థల కోసం 25 ఫ్రేములతోనే తీసినవీ ఉన్నాయి, వాటికి ఈ సవరణ చేయకూడదు. ఏది ఎలా తీశారో ముందే కనుక్కోవాలి.

29.97 అని చూపిస్తే ఇంకో చిక్కు. అమెరికా డీవీడీల నుంచి వచ్చిన ఇలాంటి ఫైళ్లలో కొన్ని ఫ్రేములు పక్క ఫ్రేముతో కలిసిపోయి, అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. సరిగ్గా కట్ దగ్గర ఇలా ఉంటే షాట్ ఎక్కడ మారిందో తేల్చలేం. ఇలాంటి చీలికల్ని సరిచేసే వీఎల్‌సీ డీఇంటర్లేస్ మోడ్‌లలో 'ఫిల్మ్ ఎన్‌టీఎస్‌సీ' పేరుతో ఒకటుంది, దీనికోసం పెట్టిందే. యాడిఫ్ 2ఎక్స్ మోడ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ఫ్రేముల సంఖ్యను రెట్టింపు చేస్తుంది కాబట్టి 'ఇ' కొట్టి లెక్కపెట్టిందంతా వృథా.

ఒక కట్ అటూ ఇటూ అయితే ఏం పోయిందనుకోవద్దు. హంగేరీ దర్శకుడు బేలా తార్ 'వెర్క్‌మైస్టర్ హార్మనీస్' (2000) 145 నిమిషాల్లో 39 షాట్లు. సగటున షాట్ నిడివి 223 సెకన్లు. చీకట్లో కలిసిపోయిన ఒక్క కట్ చూడకుండా 38 అని రాస్తే సగటు 229 అవుతుంది, ఒకేసారి ఆరు సెకన్ల తేడా. వందల షాట్లున్న గొదార్ సినిమాలో అలాంటి పొరపాటు తెలియనైనా తెలియదు. షాట్లు తక్కువయ్యేకొద్దీ కొలిచే చెయ్యి అంత జాగ్రత్తగా ఉండాలి.

వీఎల్‌సీ తెర మీద సెకన్ల వరకే చూపిస్తుంది, ఫ్రేము నంబరు ఇవ్వదు. కాబట్టి లెక్కలకు నైమెగన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఇది భాషా పరిశోధన కోసం చేసింది, కానీ మన పనికి అచ్చంగా సరిపోతుంది. వీడియో కింద వరుసలు వేసుకుని ఒకదాంట్లో షాట్, ఇంకోదాంట్లో కెమెరా కదలిక, మూడోదాంట్లో శబ్దం గుర్తు పెట్టుకోవచ్చు. సమయం మిల్లీసెకన్లలో వస్తుంది, చివర్లో టెక్స్ట్ ఫైలుగా తీసి ఎక్సెల్‌లో పోసుకోవచ్చు. సినిమా పరిశోధకుడు యూరి సివియాన్ 2005లో మొదలుపెట్టిన, షాట్ల నిడివి కొలిచే సినిమెట్రిక్స్ ఇంకా తేలిక. సినిమా ఆడుతుంటే కట్ కట్‌కీ నొక్కుకుంటూ పోతే చాలు. వేలు కాస్త ఆలస్యమైనా అన్ని కట్‌ల దగ్గరా అంతే ఆలస్యమైతే సగటు పెద్దగా చెడదు. ఒక్కో షాట్ నిడివి కచ్చితంగా కావాలంటే మాత్రం ఎలాన్ వాడాల్సిందే.

థీసిస్‌లో పెట్టే స్టిల్స్‌కి వీఎల్‌సీ చాలా బాగుంటుంది. షిఫ్ట్, ఎస్ నొక్కితే చాలు (మ్యాక్‌లో కమాండ్, ఆల్ట్, ఎస్). ప్రిఫరెన్సెస్‌లో వీడియో కింద ఫార్మాట్‌ని పీఎన్‌జీ చేసి, ఫోల్డరు, ముందు రావాల్సిన పేరు, వరుస నంబర్లు పెట్టుకోండి. తీసిన వెంటనే 'టి' నొక్కి టైమ్ నోట్ చేసుకోవాలి, తర్వాత వెతకడం నరకం. 'ఎ' కీ పొరపాటున తగిలితే బొమ్మ సాగిపోతుంది, 'సి' తగిలితే అంచులు తెగిపోతాయి. కంటికి అనుమానం వస్తే కొలవండి. ఫ్రెంచ్ దర్శకుడు బ్రెసాన్ 'పిక్‌పాకెట్' (1959) లాంటి 1.37 సినిమా (బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు) బ్లూరేలో 1080 ఎత్తుకు బొమ్మ వెడల్పు 1480 పిక్సెళ్ల దగ్గర ఉండాలి, మిగతాది రెండు వైపులా నల్ల పట్టీ. హంగేరీ దర్శకుడు మిక్లోష్ యాంచో 2.35 సినిమాల్లో 1920 వెడల్పుకు ఎత్తు 817 దరిదాపుల్లో ఉండాలి. గుంపుల్ని తెర అంచుల దాకా నడిపించే దర్శకుడి ఫ్రేములో అంచులు పోతే ఇక చదవడానికేముంది? 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 పరిశోధనకూ విమర్శకూ న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. అయినా ఏ డిస్కు, ఏ సంవత్సరం ముద్రణ అన్నది స్టిల్ కింద రాయడం పద్ధతి.

డిస్కుల సంగతి. కొత్త లాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండదు కనుక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌కి వెళ్లి యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొనుక్కోవాలి. ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడేలా పెట్టిన రీజియన్ నంబర్లలో, డీవీడీల్లో మనది రీజియన్ 5, యూరప్ 2, అమెరికా 1. డ్రైవ్ రీజియన్ ఐదుసార్లే మార్చుకోనిస్తుంది, ఐదోది అయ్యాక అక్కడే బిగుసుకుపోతుంది. కాబట్టి విండోస్ 'రీజియన్ మార్చమంటారా' అని అడిగినప్పుడల్లా ఓకే నొక్కొద్దు. బ్లూరే డిస్కు పెట్టగానే వీఎల్‌సీలో ఆడేయదు, దానికి విడిగా లైబ్రరీ, కీ ఫైళ్లు కావాలి. బ్లూరేలో మనది సి, యూరప్ బి, అమెరికా ఎ. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ అయితే తప్ప బయటి దేశాల డిస్కులు తెప్పించుకోకండి.

సబ్‌టైటిళ్లు ఒక స్థిరమైన దూరంలో ముందో వెనకో వస్తుంటే జి, హెచ్ కీలతో 50 మిల్లీసెకన్ల చొప్పున సరిచేయొచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను మరీ ముందుగా వచ్చేస్తుంటే ఆ కీలతో పనికాదు. అది చాలావరకు 25 ఫ్రేముల కాపీకి చేసిన ఫైలు. గంట దగ్గరికి వచ్చేసరికి దాదాపు రెండున్నర నిమిషాలు ముందే మాట పడిపోతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ 25 నుంచి 23.976కి మార్చి సేవ్ చేస్తే సరి. ఫిల్మ్ క్లబ్ షోకి తెలుగులో సబ్‌టైటిళ్లు వేసుకునేవాళ్లు ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ కింద ఎన్‌కోడింగ్ కూడా అదే ఉంచి, ఫాంటు గౌతమి గానీ నిర్మలా యూఐ గానీ పెట్టాలి. షో వేసే లాప్‌టాప్ వేరేదైతే అక్కడా ఇదే చేసి, ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో జనం రాకముందే తెర మీద ఒకసారి చూసుకోవాలి.