కామీనో యాత్రకు రాకపోకలు: పారిస్, మాడ్రిడ్, పోర్టోలలో ఏది మేలు?

స్పెయిన్ వాయవ్య మూలనున్న శాంతియాగో దె కొంపోస్తెలాలో యేసు శిష్యుడైన పునీత యాకోబు సమాధి ఉందన్న విశ్వాసంతో వెయ్యేళ్లకు పైగా యాత్రికులు కాలినడకన అక్కడికి వెళ్తున్నారు. కామీనో అని పిలిచే ఆ దారులలో అందరికీ తెలిసినది ఫ్రెంచి దారి. అది ఫ్రాన్స్ సరిహద్దులోని సాన్ జాన్ పియె ద పోర్ అనే చిన్న ఊరిలో మొదలై, పిరనీస్ పర్వతాలను దాటి, సుమారు 780 కిలోమీటర్లు సాగుతుంది. సాధారణంగా ఐదు వారాల నడక. దారి పొడవునా పసుపు బాణం గుర్తులు ఉంటాయి కనుక నడకలో దారి తప్పడం అరుదు. చిక్కంతా రెండు కొసలలోనే ఉంది. బయలుదేరే ఊరికి విమానాశ్రయం లేదు; చేరుకునే ఊరు దేశానికి ఆ చివర ఉంది; పైగా అక్కడికి ఏ తేదీన చేరతామన్నది పాదాల బొబ్బలు, మోకాళ్ల నొప్పులు, వానలు నిర్ణయిస్తాయి గానీ ఇంట్లో వేసుకున్న లెక్క నిర్ణయించదు. అందుకే విమానం టిక్కెట్టు కొనేటప్పుడు వెళ్ళే దారి కన్నా తిరిగివచ్చే దారి గురించే ముందుగా ఆలోచించాలని నా అభిప్రాయం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు వీసా సంగతి మొదట తేల్చుకోవాలి. పారిస్‌లో దిగినా, మాడ్రిడ్‌లో దిగినా, ఎక్కువ రోజులు గడిపేది స్పెయిన్‌లోనే కనుక షెంగెన్ వీసాకు (ఫ్రాన్స్, స్పెయిన్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) స్పెయిన్‌కే దరఖాస్తు చేయాలి. దిగే దేశాన్ని బట్టి ఇది మారదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో నివసిస్తున్న తెలుగువారు తాము ఉంటున్న దేశంలోని స్పెయిన్ కాన్సులేట్ పరిధిలో దరఖాస్తు చేసుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసే వీలుంది. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసాలో ఇచ్చిన బస రోజులను దాటి ఉండడానికి వీల్లేదు కాబట్టి, నడకకు పట్టే రోజులకు మరో నాలుగైదు రోజులు కలిపి దరఖాస్తులోనే చూపించడం క్షేమం. దారిలో పురపాలక సంఘాలు నడిపే యాత్రికుల వసతి గృహాలు, అంటే అల్బెర్గెలు, సాధారణంగా ముందస్తు రిజర్వేషన్లు తీసుకోవు. అందుకే వీసా దరఖాస్తులో బస ఆధారాలు చూపడానికి ప్రైవేటు వసతులనే ఆశ్రయించాలి.

ఇక వెళ్ళడానికి ఉన్న దారులు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ నగరాల మీదుగా గానీ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా గానీ పారిస్‌కూ మాడ్రిడ్‌కూ ఒకే మజిలీతో చేరవచ్చు కనుక విమానం వరకు రెండూ సమానమే. తేడా దిగిన తరువాత తెలుస్తుంది. పారిస్‌లో షార్ల్ ద గోల్ విమానాశ్రయం ఒక వైపు, నైరుతికి రైళ్లు బయలుదేరే మోంపర్నాస్ స్టేషన్ మరో వైపు. సామానుతో నగరాన్ని దాటడానికి గంటకు పైగా పడుతుంది. అక్కడి నుంచి నైరుతి ఫ్రాన్స్‌లోని బయోన్‌కు వేగపు రైలులో నాలుగు గంటలు, మళ్లీ చిన్న రైలు మారి సాన్ జాన్‌కు గంట. ఈ చిన్న రైళ్లు రోజుకు కొన్నే కావడం వల్ల, విమానం ఆలస్యమైతే ఆ రాత్రి బయోన్‌లోనే ఉండిపోవలసి రావచ్చు. ఫ్రాన్స్‌లో రైల్వే సమ్మెలు కూడా అరుదు కావు. మాడ్రిడ్ నుంచి అయితే ఉత్తర స్పెయిన్‌లోని పాంప్లోనాకు రైలులో మూడు గంటలకు కొంచెం ఎక్కువ. విమానాశ్రయం నాలుగో టెర్మినల్ నుంచే నేరుగా వెళ్ళే బస్సులు కూడా ఉన్నాయి. పాంప్లోనా నుంచి సాన్ జాన్‌కు బస్సులో రెండు గంటల లోపే. అయితే ఈ బస్సు ఏడాది పొడవునా ఒకే విధంగా నడవదు, చలికాలంలో తగ్గిపోతుంది. పిరనీస్ మీదుగా వెళ్ళే ఎత్తైన నెపోలియన్ దారిని కూడా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు మూసివేస్తారు కనుక, మామూలు యాత్రికులకు ఈ లోటు పెద్దగా తగలదు.

ఈ రెండింటిలో నేను మాడ్రిడ్ వైపే మొగ్గుతాను. పాంప్లోనాలో ఒక రాత్రి నిద్రపోయి, కాలమాన భేదం కొంత సర్దుకున్నాక మర్నాడు సాన్ జాన్ చేరడం శరీరానికి మంచిది. ఎందుకంటే తొలి రోజు నడకే 25 కిలోమీటర్లు, 1,400 మీటర్లు దాటిన కనుమ మీదుగా. నిద్రలేని ఒంటితో ఆ ఎత్తు ఎక్కడం మొత్తం యాత్రకే చేటు తేవచ్చు.

పారిస్ దారిని ఎంచుకోవడానికి బలమైన కారణం మాత్రం ఒకటుంది, అది లూర్దు. 1858లో బెర్నదెత్‌కు మరియమాత దర్శనాలు జరిగినట్లు విశ్వసించే ఆ క్షేత్రానికి మోంపర్నాస్ నుంచి నేరుగా రైలులో చేరవచ్చు. అక్కడి నుంచి బయోన్‌కు సుమారు రెండు గంటలు. ఫిబ్రవరి 11న గుణదల కొండ ఎక్కే తెలుగు కతోలిక కుటుంబాలకు లూర్దు మాత అన్న పేరు ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. అలాంటివారు ఒకటి రెండు రోజులు లూర్దులో గడిపి నడకకు బయలుదేరడం ఎంతో అర్థవంతం. అప్పుడు పారిస్‌లో దిగి మాడ్రిడ్‌లో విమానం ఎక్కేలా ఒకే విమాన సంస్థ వద్ద ఒకే టిక్కెట్టు తీసుకోవాలి. బియారిట్జ్ విమానాశ్రయం సాన్ జాన్‌కు దగ్గరే గానీ, చౌక విమానాలలో పెట్టె బరువుకు వేరుగా చెల్లించాలి. నడక కర్రలను చేతి సంచితో లోపలికి తీసుకువెళ్లనివ్వకపోవచ్చు.

తిరుగు ప్రయాణానికి మూడు దారులు. శాంతియాగోకు సొంత విమానాశ్రయం ఉంది, నగరానికి పన్నెండు కిలోమీటర్ల లోపే. అక్కడి నుంచి మాడ్రిడ్ మీదుగా ఇంటి వరకు ఒకే టిక్కెట్టు ఉంటే, మొదటి విమానం ఆలస్యమై తరువాతిది తప్పిపోయినా మరో విమానంలో పంపే బాధ్యత సంస్థదే. కానీ తేదీ ముందే బిగిసిపోతుంది. రైలులో ఆ బిగింపు లేదు. 2021 డిసెంబరులో ఊరెన్సె వరకు వేగపు మార్గం పూర్తయ్యాక మాడ్రిడ్ చమర్తిన్ స్టేషన్‌కు మూడు, మూడున్నర గంటలలో చేరుతున్నారు. అక్కడి నుంచి విమానాశ్రయానికి లోకల్ రైలు ఉంది. రైలు టిక్కెట్టును నడక చివరి వారంలో కొనుక్కోవచ్చు, లేదా మార్చుకునే వీలున్న తరగతిలో ముందే కొనవచ్చు. అంతర్జాతీయ విమానానికి కనీసం మూడు రోజుల ముందు శాంతియాగో చేరేలా లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఒకవేళ ముందుగానే చేరితే, అట్లాంటిక్ ఒడ్డున 90 కిలోమీటర్ల దూరంలోని ఫినిస్తెరెకు బస్సులో వెళ్ళిరావచ్చు. మూడో దారి పోర్చుగల్‌లోని పోర్టో; అక్కడికి బస్సులున్నాయి. ఆ దేశంలోని మరియమాత క్షేత్రం ఫాతిమా చూడాలనుకునేవారికి అది అనుకూలం. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కన్నా ఒక గంట వెనుక ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

మాడ్రిడ్ నుంచి మాడ్రిడ్‌కే రాకపోకలు పెట్టుకుంటే కలిగే మరో లాభం సామాను విషయంలో. నడకకు అక్కరలేని బట్టలను మాడ్రిడ్‌లో వదిలివెళ్లవచ్చు. పారిస్‌లో దిగి వేరే చోట విమానం ఎక్కేవారు వాటిని ముందుగానే శాంతియాగోకు పంపించుకోవాలి. స్పెయిన్ తపాలా సంస్థ కొర్రెయోస్ ఇలాంటి సామాను సేవలు అందిస్తోంది.

రెండు వారాల సెలవు మాత్రమే ఉన్నవారికి సాన్ జాన్ లెక్కే వద్దు. చివరి 100 కిలోమీటర్లు నడిచి, యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకుంటే, యాత్ర పూర్తి చేసినట్లు ధ్రువపత్రం లభిస్తుంది. అందుకు ఫ్రెంచి దారిలోనే ఉన్న సారియా అనే ఊరి నుంచి బయలుదేరితే చాలు. మాడ్రిడ్ నుంచి రైలులో చేరవచ్చు. అయితే ఈ భాగంలోనే రద్దీ ఎక్కువ. 2027లో జూలై 25, అంటే పునీత యాకోబు పండుగ, ఆదివారం నాడు వస్తున్నందున అది పవిత్ర సంవత్సరం. ఆ ఏడు సారియా నుంచి నడిచేవారు విమానం కన్నా ముందే రాత్రి బసలు ఖాయం చేసుకోవాలి.